నాగుల్ మీరా అలైన్‌మెంటు షెడ్డు, ఆటోనగర్

నేను పిలిస్తే పక్కోడు పలుకుతాడు.
నలభై ఏళ్లుగా ఇంతే.
ఒక కన్ను కాళేశ్వరరావు మార్కెట్టు మీద,
ఇంకోటి బెంజి సర్కిల్ మీద అని
లారీ డ్రైవర్లు నవ్వితే
నేనూ నవ్వి వీల్ స్పానర్ అందుకుంటాను.

మెల్లకన్ను అదృష్టం రా, అనేది మా అమ్మ.
ఏ అదృష్టమో, ఎప్పుడొస్తుందో
చెప్పకుండానే పోయింది.

ఒకటి మాత్రం నిజం.
ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దారం లాగి
గురి చూడాలంటే
ఎవడైనా ఒక కన్ను మూసుకోవాలి.
నాకా పని లేదు.
నా ఎడమ కన్ను ఎప్పుడో తనంతట తనే
షట్టర్ దించేసింది.

సాయంత్రం పూట, అలిసినప్పుడు,
మా నస్రీన్ ఎడమ గుడ్డు ముక్కు వైపు జారడం
చూశాను.
నా పోలికే అని మురిశాను కూడా.
రెండేళ్లు.
మెట్లు దిగుతుంటే ఆఖరి మెట్టు
దాని కాలికి ఎప్పుడూ అందేది కాదు.
గ్లాసులో పోసిన నీళ్లు బల్ల తాగేది.

బడిలో టీచరమ్మ పోరగా పోరగా
గవర్నరుపేట కళ్లాస్పత్రికి తీసుకెళ్లాం.
డాక్టరమ్మ కాగితం మీద గుడ్డు గీసి
చుట్టూ ఆరు తాళ్లు గీసింది.
"పాప చూపు ఆనించడానికి కష్టపడుతోంది,
ఆ కష్టానికి కన్ను లోపలికి తిరుగుతోంది.
ముందు అద్దాలు. చాలకపోతే ఆపరేషను సంగతి చూద్దాం."
"అదృష్టం కాదాండీ?" అన్నాను.
ఆవిడ నవ్వలేదు.
"రెండు కళ్లూ రెండు బొమ్మలు పంపితే
మెదడు తికమక పడి ఒకదాన్ని ఆర్పేస్తుంది.
ఏళ్ల తరబడి ఆర్పితే ఇక వెలగదు."

నాకు టైరు గుర్తొచ్చింది.
అలైన్‌మెంటు తప్పిన బండి
రోడ్డు మీద బాగానే పోతుంది.
లోపలి అంచు అరుగుతుంటుంది,
నూలు బయటపడేదాకా డ్రైవరుకి తెలీదు.
అట్లా టైర్లు పోగొట్టుకున్నోళ్లని
నేనెన్ని తిట్లు తిట్టానో.

"మరి నాది?"
అడగకూడదనుకుంటూనే అడిగాను.
"తిన్నగా నిలబెట్టొచ్చు మీరా గారూ,
చూపు మాత్రం..." అని
నస్రీన్ కార్డు మీద ఏదో రాసుకుంది.

ఇప్పుడు కళ్లజోడుతో పాటు
రోజూ మధ్యాహ్నం రెండు గంటలు
మంచి కంటికి ప్లాస్టరు.
బాగా చూసేదాన్ని మూసెయ్యడమేంటో
మా షంషాద్‌కి నాలుగు రోజులు మింగుడుపడలేదు.
కుర్రోడు పని నేర్వాలంటే
మేస్త్రీ కాసేపు షెడ్డులో లేకుండా పోవాలి కదా,
అన్నాక ఊరుకుంది.

మొదటి రోజు పీకి పారేసింది.
రెండో రోజు నన్ను కొరికింది.
తర్వాత నేను బేరింగు గోలీలకు నూనె తుడిచి
గచ్చు మీద దొర్లించడం మొదలెట్టాను.
పట్టుకోబోయి జానెడు అవతల చెయ్యేస్తుంది.
గోలీ జాకీ కిందికి పోతుంది.
మళ్లీ.
పదికి ఒకటి. పదికి ఒకటి. పదికి మూడు.
మొన్న ఆరు.
నిన్న రెండే, ఒళ్లు వెచ్చగా ఉంది.

ఇవాళ ప్లాస్టరు విప్పాక
"ఇప్పుడు నీ వంతు నాన్నా" అని
నా కుడి కంటికి అతికించింది.

షెడ్డు పోయింది. లారీ పోయింది.
కళ్ల ముందు కట్టి ఉన్న దారం పోయింది.
నలభై ఏళ్ల గ్రీజు పట్టిన అద్దం వెనక
పసుప్పచ్చటి మరకొకటి
కదిలి, దగ్గరకొచ్చి, చప్పట్లు కొట్టింది.
"నాన్నా! నీ మెల్లకన్ను తిన్నగైంది.
నన్నే చూస్తోంది!"

ఎంతసేపో అది ప్లాస్టరు తియ్యనివ్వలేదు.
నేనూ తియ్యమనలేదు.
బయట ఎవరో లారీ ఆపి
హారన్ కొడుతున్నారు.